గడ్డం గీసిన పొలం

ల్యూబా మోకాళ్ల మీద కూర్చుని మొలక మీదికి వంగింది. ఆమె నీడ పడీ పడకముందే ఆకు మీది నల్లచుక్కలు చిటుక్కున ఎగిరి ఎటో పోయాయి. ఆవగింజంత పురుగులు. పట్టుకుందామంటే వేళ్లకి దొరకవు, చూద్దామంటే నిలవవు. అవి వదిలిపెట్టిన రెండాకుల మొలక మాత్రం కదలకుండా నిలబడి ఉంది. ఆకుల నిండా చిల్లులు. చిల్లుల చుట్టూ అంచులు ఎండి తెల్లబడ్డాయి.

గాలి పడమటినుంచి విడవకుండా కొడుతోంది. చలిగాలి. మే నెల చివరికొచ్చినా మెడకి గుడ్డ చుట్టుకోక తప్పడం లేదు. ల్యూబా చూపుడువేలితో ఆకుని పైకెత్తి అడుగు చూసింది. గాలికి తట్టుకోలేని పురుగులన్నీ అక్కడ నక్కి ఉన్నాయి. కొన్ని కాడని కరుచుకుని కొరుకుతున్నాయి. ఆకు తింటే మొలక ఎలాగోలా బతుకుతుంది. కాడ కొరికితే ఇక లేవదు. ఆమె చూస్తుండగానే పక్క మొలక గాలికి ఒరిగి, కాడ దగ్గర పుటుక్కున తెగి పడిపోయింది.

జేబులోంచి చాకు తీసి సాలు వెంట మట్టిని గీకింది. పైమట్టి పిండిలా ఉంది. వేలెడు లోతు తవ్వినా తడి తగల్లేదు. గింజలు కనిపించాయి. గొర్రులో పోసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే, నీలంగా, నున్నగా, పొడిదుమ్ములో పడుకుని ఉన్నాయి.

కనోలా ఆవాల జాతి నూనెగింజ; విత్తనశుద్ధి చేశాక నీలంగానే ఉంటుంది. పురుగు మందు ఆ పూతలోనే ఉంటుంది. గింజ మట్టిలో పడ్డ నాటినుంచే ఆ మందుకి ఆయుష్షు తరగడం మొదలవుతుంది. మొలక తొందరగా లేచి నాలుగాకులు వేసుకుందా, మందు తన పని తను చేసినట్టే. తడి లేక, ఎండ లేక మొలక బద్ధకించిందా, మందు చల్లారిపోతుంది. పురుగు ఆకలి మాత్రం చల్లారదు.

ల్యూబా లేచి, మోకాళ్లు దులుపుకుని, బండిబాట దాటి అవతలి పొలంలోకి నడిచింది. అది వాళ్ల సొంత పొలం. నిరుడు కోసిన గోధుమ కొయ్యకాళ్లు పిక్కల ఎత్తున అలాగే నిలబడి ఉన్నాయి. వాటి వరసల మధ్యనే ఆమె కనోలా విత్తింది. అక్కడ కూర్చుంటే గాలి చెవికి వినిపిస్తుందేగాని ఒంటికి తగలదు. చాకు దింపితే మట్టి నల్లగా, తడిగా ముద్దకట్టి వచ్చింది. మొలకలు మూడో ఆకు, నాలుగో ఆకు వేసుకున్నాయి. చిల్లులు ఉన్నాయి, లేకపోలేదు. కానీ ఇవి పురుగుకి తిండి పెట్టి కూడా మిగిలిన మొలకలు.

గింజ ఒకటే. గొర్రు ఒకటే. రెండు పొలాలూ విత్తింది ఆమే, ఒకదాని వెనక ఒకటి. తేడా ఒక్కటే. ఇందాక చూసిన, కౌలుకి చేస్తున్న నేలచెక్కలో కొయ్యకాళ్లు లేవు. విత్తనం తేవడానికి ఆమె పట్నం వెళ్లిన రోజున నాన్న వసీల్ పాత కల్టివేటర్ తగిలించి, వెనక దంతె కట్టి, చెక్కంతా రెండుసార్లు తిప్పేశాడు. ఆమె వచ్చేసరికి అంత పొలమూ కాటుక రాసినట్టు ఉంది. ఆయన ట్రాక్టరు దిగి, టోపీ తీసి, దుమ్ముకొట్టుకుపోయిన మొహంతో ఎదురొచ్చాడు. ఎనభై దాటిన మనిషి. ఎన్నాళ్లుగానో ఆయన మొహాన అంత వెలుగు ఆమె చూడలేదు.

"ఎట్టా ఉంది?" అని అడిగాడు.

"బాగుంది నాన్నా," అంది ల్యూబా. ఇంకేం అంటుంది?

కంకర రోడ్డు మీద ఓ పికప్ బండి నెమ్మదిగా వచ్చి ఆగింది. తెల్లబండి, ముందు బంపర్ ఒక పక్కకి ఒరిగింది. నెస్టర్. ఆ నల్ల చెక్క ఆయనదే. పెళ్లీ పిల్లలూ లేని మనిషి. ఒంట్లో ఓపిక అయిపోయాక పొలాన్ని ల్యూబాకి కౌలుకిచ్చి ఊళ్లో ఉంటున్నాడు. రోజుకోసారి వచ్చి చూసి పోతాడు. బండి దిగడు. అద్దం జానెడు దించి, అందులోంచి చూసి, ఎత్తేసుకుని పోతాడు.

ల్యూబా లేచి చెయ్యి ఊపింది. ఇక్కడ రోడ్డు మీద ఎదురుపడ్డ ఎవరైనా పలకరింపుగా స్టీరింగ్ మీంచి ఒక్క వేలు ఎత్తుతారు. పగవాడైనా ఎత్తుతాడు. నెస్టర్ వేలు ఎత్తలేదు. అద్దం ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న బీట్‌రూట్ పులుసు వెచ్చబెట్టి రెండు గిన్నెల్లో పోసి కూర్చున్నాడు. ఆమె చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చుంది. ఆయన రొట్టె తుంచి ఆమె వైపు నెట్టాడు.

"ఎట్టా ఉన్నాయి?"

"మనవి బానే ఉన్నాయి. నెస్టర్ బాబాయ్ చెక్కే..." చెంచా తిప్పుతూ ఆగింది. "పురుగు పడింది."

"మందు పట్టించిన గింజేగా?"

"మందు పట్టించిందే."

"పాత బస్తా అంటగట్టుంటాడు కొట్టోడు. ఆ నీలంరంగు చూస్తే నాకెప్పుడూ నమ్మకం కుదర్లా."

"కొత్త బస్తాలే నాన్నా. రెండు పొలాలకీ అవే పోశాను."

ఆయన కాసేపు నమిలాడు. "మరి చెక్క అంత శుభ్రంగా ఉంటే, పురుగు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"

ల్యూబా తలెత్తి ఆయన్ని చూసింది. ఎకసెక్కం కాదు. నిజంగానే అడుగుతున్నాడు. పులుసులో మీగడ కలుపుతున్న ఆ చేతిని చూసింది. చూపుడువేలు చివర సగం లేదు. ఆమె పుట్టకముందు ఏదో బెల్టులో పోయింది. నోటిదాకా వచ్చిన మాటని రొట్టెతో పాటు మింగేసింది.

"గాలి తగ్గాలి. తగ్గితే పైన ఓసారి మందు కొట్టి చూస్తా," అంది.

"తగ్గుద్దిలే," అన్నాడు.

తగ్గలేదు. మర్నాడు ఇంకా పెరిగింది. స్ప్రేయర్‌లో పోసే మందు కోసం ల్యూబా ఊళ్లోకి వెళ్లింది. నాన్నని పొద్దున్నే బంకు దగ్గర దించింది. పెట్రోలు బంకు వెనక గదిలో ఓ పొడుగాటి బల్ల ఉంది. పనులు మానుకున్న ముసలాళ్లందరూ పొద్దున్నే అక్కడ చేరి, పని చేసుకునేవాళ్ల పొలాల గురించి తీర్పులు చెబుతుంటారు. మందు డబ్బాలు బండిలో వేసుకుని, నాన్నని ఎక్కించుకుందామని ఆమె లోపలికెళ్లింది.

"ఇదిగో వచ్చింది," అన్నాడు గుస్. ట్రాక్టర్లు బాగుచేసే మనిషి. నోరు ఊరుకోదు. "ల్యూబా, ఒక సందేహం తీర్చమ్మా. నెస్టర్ చెక్కలో గింజలు వేశావా, లేక చూపించి వెనక్కి తెచ్చుకున్నావా?"

బల్ల చుట్టూ నవ్వులు. వడ్డించే ఎడ్నా కాఫీ జగ్గుతో గుస్ భుజం మీద పొడిచింది. "నీ పెరట్లో ముల్లంగి మొలవలేదు గానీ పరాయి పొలం సంగతి నీకెందుకురా?"

"నా ముల్లంగి కూడా ఆ పురుగే తినేసిందే తల్లీ! ల్యూబా పొలంలో పురుగులు ఖాళీగా ఉన్నప్పుడు మా ఇంటికి భోజనానికొస్తున్నాయి."

ల్యూబా కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా లాగుతారు. "మా నాన్న కాఫీ అయిందా?"

నెస్టర్ బల్ల చివర కూర్చుని ఉన్నాడు. పెద్ద మొహం, నున్నగా గీసిన గడ్డం, మెడదాకా బొత్తాలు పెట్టిన చొక్కా. ఆయన ఎగతాళి మనిషి కాదు. అందుకే ఆయన మాటకి బల్ల మీద బరువెక్కువ.

"దుక్కి మీద వంక పెట్టడానికి లేదు," అన్నాడు. "వసీల్ దున్నిన దుక్కి. నేను ఆ చెక్క మీదే పుట్టాను. మా నాయన పోయాక అంత నల్లగా దాన్ని చూడ్డం ఇదే. ఒక్క పుల్ల లేదు. ఆ తర్వాతే ఎక్కడో చెడింది." ఆమె వైపు తిరిగాడు. "రోడ్డు పక్క పొలం అమ్మాయ్. పోయేవాడూ వచ్చేవాడూ చూస్తాడు. నిన్న డ్వేన్ కూడా ఆపి చూశాడంట."

డ్వేన్ అంటే చుట్టుపక్కల సగం భూమి కౌలుకి చేసేవాడు. మిగతా సగం కోసం చూస్తున్నవాడు.

"చూసి ఏమన్నాడు బాబాయ్?"

"ఏమంటాడు. కోత అయ్యాక మాట్లాడదామన్నాడు." నెస్టర్ కప్పు తిప్పాడు. "నాకు నిన్ను మార్చాలని లేదు ల్యూబా. మీ నాన్నా నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని చదివాం. కానీ పొలాన్ని అట్టా గజ్జి పట్టి బొచ్చూడిన గొర్రెలా రోడ్డు మీద పెట్టలేను. దున్నేసి మళ్లీ వెయ్యి. అదునింకా ఉందిగా. దున్నడానికి వసీల్ ఉండనే ఉన్నాడు."

అందరూ వసీల్‌ని చూశారు. ల్యూబా కూడా చూసింది. ఆయన చెంచాతో కాఫీ కలుపుతున్నాడు. ఆయన కాఫీలో చక్కెర వేసుకోడు. చెంచా కప్పు అంచుకి తగలకుండా, చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఆమె ఆగింది. ఆయనేమైనా అంటాడేమోనని తలుపు దగ్గరే నిలబడింది. ఏమనాలని ఆమెకీ తెలీదు. ఆడకూతురి చేతకానితనం కాదురా అనొచ్చు. గాలి అనొచ్చు. చలి అనొచ్చు. ఏదైనా సరే.

"కాఫీ చల్లారిపోయింది," అని లేచాడు వసీల్.

నాన్నని ఎక్కించుకుని ఇంటికి బయల్దేరింది. కంకర చక్రాల కింద నలుగుతోంది. అటూ ఇటూ నీటి మడుగుల మీద బాతులు గాలికి ఎదురీదుతున్నాయి. అనేద్దామా అనుకుంది. నువ్వు దున్నావు కాబట్టే, అని. ఆ ఒక్క ముక్కా అంటే తన గుండెల మీది బరువు దిగిపోతుంది. కానీ దిగిన బరువు ఎక్కడ పడుతుంది? పక్కనున్న ఈయన మీదేగా. ఈయనకి ఈ ఏడు దక్కిన సంతోషం ఆ దుక్కి ఒక్కటే.

నెస్టర్ చెక్క మూల వచ్చేసరికి, "ఆపు," అన్నాడు వసీల్.

"ఏమిటి?"

"ఇక్కడ దింపు. నువ్వు పోయి నీ పని చూసుకో."

"గాలి చంపేస్తోంది నాన్నా."

"నాకు తెలీని గాలా?"

దింపింది. ఇంటికెళ్లి స్ప్రేయర్ గొట్టాలు కడిగి, మందు చిమ్మే ముక్కుల్లో మూసుకుపోయిన రెంటిని మార్చింది. పని మధ్యలో రెండుసార్లు తలెత్తి పొలం వైపు చూసింది. మొదటిసారి ఆయన నల్లమట్టి మధ్యలో, చేతికర్ర పక్కన పడేసి, మోకాళ్ల మీద ఉన్నాడు. రెండోసారి అక్కడ లేడు. చేతిలో పని వదిలేసి లేచింది. తర్వాత టోపీ కనిపించింది. బాట ఇవతల, వాళ్ల సొంత పొలంలో, కొయ్యకాళ్ల మధ్య. కూర్చుని ఉన్నాడు. ముసలాయన కొయ్యకాళ్లని చేత్తో పక్కకి వంచి, మధ్యలోకి తొంగి చూసి, వదిలేస్తున్నాడు. మళ్లీ ఇంకో చోట.

ఆమె బండి తీసుకెళ్లేసరికి బాట మీద నిలబడి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర ఒకవైపు పొడి దుమ్ము, దాని మీద తడిమట్టి. వేలి కొసలు నీలంగా ఉన్నాయి.

"గింజల్ని ఒట్టి చేత్తో ముట్టుకున్నావా? మందు నాన్నా అది. చేతులు కడుక్కో ముందు."

ఆయన వంటింటి తొట్టి దగ్గర చాలాసేపు కడుక్కున్నాడు. సబ్బు పెట్టి ఒకసారి, బట్టలుతికే పొడి పెట్టి ఒకసారి. సగం వేలు గోరు దగ్గర నీలం పోలేదు. చేతిని కిటికీ వెలుగులో పెట్టి తిప్పి చూసుకున్నాడు.

"ఇది పోదా?"

"నాలుగు రోజులకి పోతుందిలే."

"గింజ మీది మందు మాత్రం నిలవదు," అన్నాడు. ఆమెతో అన్నట్టు లేదు.

ఆ తర్వాత రెండు రోజులూ గాలి అలాగే కొట్టింది. ఆ గాలిలో మందు కొడితే పక్కూరి మీద పడుతుంది. ల్యూబా పొద్దున లేవడం, గుమ్మంలోకొచ్చి చెంపకి గాలి తగలనిచ్చి చూడటం, చెక్కలోకి పోయి మోకాళ్ల మీద కూర్చోడం. అంతే పని. మొలకలు రోజురోజుకీ పలచబడుతున్నాయి. అయినా అక్కడక్కడా, పల్లం ఉన్న చోట, చక్రాలు నొక్కిన చోట, కొన్ని పచ్చగా నిలిచాయి. కనోలాకి ఒక మంచి గుణం ఉంది. పక్కన చోటు దొరికితే కొమ్మలేసి ఆ చోటంతా తనే నిండుతుంది. ఆ నిలిచినవాటిని కాపాడుకుంటే పొలం కంటికి అసహ్యంగా ఉంటుందేమో గానీ, పంట ఎంతో కొంత వస్తుంది. దున్నేస్తే అవీ పోతాయి. మట్టిలో ఉన్న కాస్త తడీ పోతుంది. మళ్లీ వేసిన గింజ మళ్లీ దుమ్ములో పడుకుంటుంది. ఇదంతా ఆమెకి తెలుసు.

ఇంకోటి కూడా తెలుసు. ఆ చెక్క పోతే, ఉన్న పొలానికి ఈ యంత్రాలన్నీ ఎక్కువైపోతాయి. ముందు స్ప్రేయర్ అమ్ముకోవాలి. తర్వాత గొర్రు. ఆ తర్వాత ఊళ్లో ఏదో కొట్లో నిలబడాలి. వరసగా ఎలా జరుగుతుందో ఆమె చుట్టుపక్కల నాలుగిళ్లలో చూసింది.

శుక్రవారం పొద్దున నెస్టర్ ఫోన్ చేశాడు. "ఏం చేశావమ్మాయ్?"

ఆమె ఫోన్ పట్టుకుని గోడకి ఆనుకుంది. ఒళ్లంతా రాయిలా ఉంది. వాదించడానికి మాటలు ఉన్నాయి, వాటిని ఎత్తడానికి ఓపిక లేదు.

"సరే బాబాయ్. దున్నేస్తాం," అంది.

"నేనొస్తున్నా," అన్నాడాయన. గొంతులో ఉత్సాహం. "వసీల్‌ని లేపు."

నెస్టర్ వచ్చేసరికి ల్యూబా ట్రాక్టర్ స్టార్ట్ చేసింది. కల్టివేటర్ కొట్టం వెనక గడ్డిలో ఉంది. నెస్టర్ ఈసారి బండి దిగాడు. కాఫీ ఫ్లాస్కు, రెండు కప్పులు తెచ్చుకున్నాడు. పెళ్లికొచ్చినట్టు చొక్కా ఇస్త్రీ చేసుకొచ్చాడు. వసీల్ ఇంట్లోంచి నెమ్మదిగా నడిచొచ్చాడు. ఆ గాలికి పాత బరువు కోటు వేసుకుని ఉన్నాడు.

"దా, దా. నీకోసం ట్రాక్టరే రెడీ అయి కూర్చుంది," అన్నాడు నెస్టర్.

ల్యూబా ట్రాక్టర్‌ని వెనక్కి నడిపి, కల్టివేటర్ కడ్డీ రంధ్రం, ట్రాక్టర్ రంధ్రం ఒకదాని మీద ఒకటి వచ్చేలా ఆపింది. మొదటిసారికే సరిగ్గా కుదిరింది. దిగి, రెంటినీ కలిపే పిన్ను కోసం వెళ్లింది. అది ఎప్పుడూ కల్టివేటర్ కడ్డీ మీదే, ఓ గొలుసుకి వేలాడుతుంటుంది. రెండువేళ్లంత లావు ఇనప పిన్ను. గొలుసు ఉంది. పిన్ను లేదు.

గడ్డిలో వెతికింది. పనిముట్ల పెట్టెలో చూసింది. సీటు కింద చూసింది.

"నాన్నా, పిన్ను చూశావా?"

"పోయింది," అన్నాడు వసీల్.

"ఎక్కడ పోయింది?"

"పోయింది అంటే ఎక్కడ పోయిందో తెలీదనే కదే అర్థం."

నెస్టర్ నవ్వాడు. "ముసలాడికి మతిమరుపు. ఏదైనా లావు బోల్టు వేసుకోమ్మా, ఇవాళ్టికి చాలు."

"మా ఇంట్లో బోల్టుల్లేవు," అన్నాడు వసీల్.

ఆ మాటతో ల్యూబా వెతకడం ఆపి నిటారుగా నిలబడింది. కొట్టం గోడ పొడుగునా కాఫీ డబ్బాలు వరసగా ఉన్నాయి. ప్రతి డబ్బాలో బోల్టులే. చిన్నప్పట్నుంచీ ఆమె వాటిని సైజుల వారీగా విడదీస్తూనే పెరిగింది. తుప్పు పట్టిన ఒక్క బోల్టునైనా వసీల్ పారేయడం ఈ జిల్లాలో ఎవరూ చూడలేదు. నెస్టర్‌కీ తెలుసు. ఆ డబ్బాల వైపు చూశాడు, వసీల్ వైపు చూశాడు. మొహంలోంచి నవ్వు నెమ్మదిగా దిగిపోయింది.

"ఏంట్రా వసీల్? ఏమైంది నీకు?"

వసీల్ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. కుడి జేబు బరువుగా కిందికి సాగి ఉంది.

"ఏప్రిల్లో కాఫీ దగ్గర ఏమన్నావురా నువ్వు?"

"నేనేమన్నాను?"

"ఆ కొయ్యకాళ్లతో నా పొలానికి గడ్డం మాసింది, అన్నావ్. రోడ్డు మీద పోయేవాళ్లు నవ్వుతున్నారు, అన్నావ్. ఆడపిల్ల చేతికిస్తే ఇట్టాగే ఉంటుందని డ్వేన్ అన్నాడని చెప్పావ్. చెప్పావా లేదా?"

"ఏదో మాటకి..."

"నువ్వు మాటకే అన్నావు. నేను ఇంటికొచ్చి ట్రాక్టర్ ఎక్కాను. ఇది పట్నం పోయిన రోజు చూసి ఎక్కాను. నీ నోరు మూయిద్దామని, పొలం దీని దగ్గరే ఉంచుదామని ఎక్కాను." వసీల్ అంతసేపు మాట్లాడటం ల్యూబా ఎప్పుడూ వినలేదు. మాట మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. "ఇది నిలబెట్టిన తడిని నేను గాలికిచ్చాను. దాని పొలంలో మొలకలు ఎట్టా ఉన్నాయో మొన్న మోకాళ్ల మీద పోయి చూశా. నీకు చూపిద్దామంటే నువ్వు బండి దిగవు."

"దుక్కి బాగుంది వసీల్. దుక్కికి ఏ వంకా..."

"నీ పొలానికి గడ్డం గీసింది నేనేరా నెస్టర్. గీస్తే రక్తమొచ్చింది. మళ్లీ గీయను."

ట్రాక్టర్ ఇంజను ఊరికే తిరుగుతోంది. ల్యూబా వెళ్లి దాన్ని ఆపేసింది. అప్పుడు గాలి చప్పుడు వినబడింది.

నెస్టర్ ఫ్లాస్కు మూత బిగించాడు. అప్పటికే బిగిసి ఉన్నదాన్నే మళ్లీ బిగించాడు. ఆమె వైపు తిరిగాడు. "నువ్వు సరేనన్నావు కదమ్మాయ్. ఫోన్లో."

ల్యూబా నాన్నని చూసింది. ఆయన ఆమెని చూడ్డం లేదు. కొట్టం మీది రేకు వైపు చూస్తున్నాడు. ఇన్నాళ్లూ ఆయన దున్నింది పాత అలవాటుతోనే అనుకుంది. నల్లమట్టి మీద ముసలితనపు మోజు అనుకుని, క్షమించి, ఆ క్షమించిన బరువుని తనే మోస్తూ తిరిగింది. ఆయన ఏం మోస్తున్నాడో అడగనే లేదు.

"అన్నాను బాబాయ్. అలిసిపోయి అన్నాను," అంది. "ఈ ఏడు దున్నను. ఉన్న మొలకలు ఉంచుతాను. చూడ్డానికి బాగోదు. మీకు నచ్చకపోతే కోత అయ్యాక మీ ఇష్టం."

"అయితే డ్వేన్‌తో మాట్లాడాల్సొస్తుంది."

"మాట్లాడండి."

  ఎన్నో రోజులుగా భుజాలు చెవులదాకా లేచి ఉన్నాయని, అవి కిందికి దిగినప్పుడే తెలిసింది.

నెస్టర్ బండెక్కాడు. తలుపు వేసుకున్నాక అద్దం జానెడు దించాడు. బరువుగా సాగిన వసీల్ జేబు వైపు ఓసారి చూసి వెళ్లిపోయాడు. ఆయన తెచ్చిన రెండు కప్పులూ పెట్టినచోటే, కల్టివేటర్ కడ్డీ మీదే ఉండిపోయాయి. వసీల్ వాటిని తీసి, చొక్కా అంచుతో తుడిచి, కొట్టంలో గట్టు మీద బోర్లించాడు.

"తీసుకెళ్తాడులే ఎప్పుడన్నా," అన్నాడు.

సాయంత్రం భోజనాల వేళ ల్యూబా తలెత్తి ఆలకించింది. ఏదో తక్కువైనట్టు అనిపించింది. కిటికీ రెక్క కొట్టుకోవడం లేదు. గుమ్మంలోకి వచ్చి చెంప తిప్పింది. గాలి పడిపోయింది. ఈ కాలంలో పొద్దు ఎంతకీ గుంకదు. ఎండ ఇంకా పచ్చగా ఉంది. రోజుల తర్వాత నేలకి కాస్త వెచ్చదనం తగిలింది. పురుగులన్నీ ఇప్పుడు ఆకుల మీదికి ఎక్కి ఉంటాయి.

ముద్ద వదిలేసి బూట్లు వేసుకుంది. వసీల్ కూడా లేచి వెనకే వచ్చాడు. ఆమె ముసుగు, చేతి తొడుగులు వేసుకుని మందు కలుపుతుంటే ఆయన దూరంగా నిలబడి నీళ్ల గొట్టం పట్టాడు. తొట్టి నిండిందని ఆమె చెయ్యెత్తగానే నీళ్లు కట్టేశాడు.

"పోయే పొలానికి ఇంత మందు ఎందుకే?" అన్నాడు.

"పోతుందని మొలకలకి తెలీదుగా."

ఆయన తలూపాడు. గొట్టాన్ని చుట్టలు చుట్టలుగా మడిచి, గోడ మేకుకి తగిలించాడు.

ఆమె నెస్టర్ చెక్క అంచునుంచి మొదలుపెట్టింది. పురుగు ఎప్పుడూ అంచునుంచే వస్తుంది. స్ప్రేయర్ చేతులు రెండూ చాచి, నేలకి మూరెడు పైన, కదిలీ కదలనట్టు తీసుకుపోయింది. మందు మంచులా దిగి మొలకల మీద కూర్చుంది. ఎటూ కొట్టుకుపోలేదు. పలచని ఆ పచ్చదనాన్ని పైనుంచి చూస్తే ఆమెకే బెంగగా ఉంది. సగం పొలం నల్లగానే ఉంది. ఎన్ని బతుకుతాయో ఇంకో వారానికి గానీ తెలీదు. చివరి వరసలో ఉండగా రోడ్డు మీద ఓ బండి పోయింది. ఎవరిదో ఎండకెదురుగా కనబడలేదు. స్టీరింగ్ మీంచి వేలు లేచిందో లేదో కూడా కనబడలేదు. ఆమె మాత్రం తన వేలు ఎత్తింది.

ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని వచ్చేసరికి వసీల్ వంటింటి బల్ల దగ్గర కుర్చీలోనే నిద్రపోయాడు. తన గిన్నె కడిగిపెట్టాడు. ఆమె గిన్నె మీద పళ్లెం మూసి ఉంచాడు. కోటు కుర్చీ వీపు మీంచి జారి కింద పడి ఉంది.

ల్యూబా దాన్ని ఎత్తింది. ఒకవైపు బరువుగా లాగింది. లోపల ఇనుము కోటు గుండీకి తగిలి చిన్నగా మోగింది. ఆయన కళ్లు తెరవలేదు. గోరు దగ్గర నీలం ఇంకా ఉంది.

ఆమె జేబులో చెయ్యి పెట్టలేదు. కోటుని తీసుకెళ్లి తలుపు పక్క మేకుకి తగిలించింది. మేకు కొంచెం కిందికి వంగింది. ఊడుతుందేమోనని ఒక్క క్షణం చేత్తో పట్టుకుని చూసింది. ఊడలేదు. అప్పుడు వచ్చి, పళ్లెం తీసి, చల్లారిన పులుసు ముందు కూర్చుంది.